ఎండాకాలపు చెమ్మగోడ

మనిషి మసలని ఇంటికే బూజు పడుతుందన్నది మన వైపు అందరూ నమ్మే మాట. తాళం పడి పాడైన ఇంటిని చూసి, నలుగురు తిరిగితే అదే బాగుపడుతుందని అంటారు. ఈ మాటలో ఇంటిని గురించిన అవగాహన కంటే మనిషి మీది గౌరవమే ఎక్కువ. మన ఊపిరి తగిలితే గోడలకు మేలు జరుగుతుందనీ, మనం లేని చోటనే చెడు మొలుస్తుందనీ అనుకోవడం హాయిగా ఉంటుంది. బూజుకు అటువంటి పక్షపాతం లేదు. చెమ్మ ఉండి, వెలుతురు లేక, గాలి కదలని చోటు దొరికితే దానికి చాలు. ఆ చెమ్మను వాన తెచ్చిందా, మనిషి తెచ్చాడా అని అది అడగదు.

తిరుమలగిరికి ఆమడ దూరంలోని బండపల్లెలో, కృష్ణమ్మ అనే కాపు ఇల్లాలికి ఈ నమ్మకం నిజమో కాదో తేల్చుకోవలసిన అవసరం పడింది. ఆమె కోరి పెట్టుకున్న పరీక్ష కాదది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలంలో, తన ఇంట్లో, తన చేతి కింద అది జరిగింది.

దానికి ముందటి సంగతి కొంత తెలియాలి. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజుల్లో కృష్ణమ్మ భర్త లచ్చయ్య, తన తల్లినీ భార్యనూ కృష్ణా నది అవతలి చుట్టాల ఇంటికి పంపించి, పశువులతో పాటు తానొక్కడే ఊళ్లో ఉండిపోయాడు. లచ్చయ్యకు గాలయ్య అని ఒక తమ్ముడు. పెళ్లి కాలేదు, గడిలో దొర దగ్గర కొలువుండేవాడు. ఆ ఏటి వైశాఖంలో బండపల్లెకు రజాకార్ల లారీ వచ్చినప్పుడు, డ్రైవరు పక్కన కూర్చుని దారి చూపిన మనిషి గాలయ్యే. లచ్చయ్య ఇంటి పక్క ఇల్లు బీరప్పది. దొరలకు ఎదురు తిరిగిన సంఘంలో తిరిగే బీరప్ప ఆ పొద్దు తన గడ్డివాములో దాక్కున్నాడు. గాలయ్య చెయ్యి ఆ వాము వైపు లేవడం ఊరు ఊరంతా చూసింది. బీరప్పను బయటికి లాగి, అతని భార్య మారెమ్మ కళ్ల ముందే కాల్చారు. భాద్రపదంలో భారత సర్కారు ఫౌజు హైదరాబాదు చేరింది, రజాకార్లు చెదిరిపోయారు, గాలయ్య కనిపించకుండా పోయాడు. పట్నం పారిపోయాడని కొందరు, మూసీలో పడి చచ్చాడని కొందరు అన్నారు. ఆ వానాకాలంలోనే లచ్చయ్య తల్లి, కృష్ణ అవతల, కోడలి ఒడిలో తల పెట్టుకుని కన్నుమూసింది.

కార్తీకంలో కృష్ణమ్మ ఒంటరిగా ఇల్లు చేరింది. తలుపు తోసిన మరుక్షణం ఆమె గడపలోనే ఆగిపోయింది. ముక్కిపోయిన జొన్నల వాసన ఎదురొచ్చి నిలబడినట్టుగా ఉంది. కొయ్యకు వేలాడుతున్న, బావి నీళ్లు తోడే మోట తోలు తొండం నిండా తెల్లని నూగు లేచి, ఏదో జంతువు తోలు తిరిగి బతికి వెంట్రుకలు మొలిపించుకుంటున్నట్టు కనిపించింది. ఉట్టి మీది బెల్లం ముద్దకు, చింతపండు కుండకు పచ్చని పొడి పట్టింది. గోడల మీద నల్లని చుక్కలు పైనుంచి కిందికి దిగుతున్నాయి. లచ్చయ్య ఆ ఇంట్లోనే ఉన్నాడు, వండుకున్నాడు, పడుకున్నాడు. ఇంత బూజు మధ్య మనిషి ఒక్కనాడైనా చెయ్యి ఆడించకుండా ఎట్లా ఉండగలిగాడన్నది ఆమెకు అంతుపట్టలేదు.

పక్కింటి మారెమ్మ చీపురుతో తానే వచ్చింది. బొట్టు లేని ఆ ముఖాన్ని కృష్ణమ్మ చూడటం అదే మొదలు. మారెమ్మే గోడలన్నీ కలియజూసి మాట అందుకుంది.

"ఇల్లు పచ్చగుండాలె అని దీవిస్తరు గదక్కా. మీ ఇల్లు గీ తీరుగ పచ్చగైతదనుకోలె."

"నవ్వకు చెల్లె, నోట్లెకు పోతది."

"నేను నవ్వక శాన దినాలాయె. జర నవ్వనియ్యి."

ఇద్దరూ కొంగులు ముక్కులకు కట్టుకుని పనిలో దిగారు. బూజులన్నీ ఒకటి కావని కృష్ణమ్మకు పుట్టింటి నుంచే తెలుసు. ఆ పల్లెల్లో ఇల్లు నడిపిన ఆడవాళ్లకు అది ఎంతో కొంత తెలిసిన సంగతే. తోలుకు పట్టిన తెల్లనూగు పైపైది. తడిగుడ్డతో తుడిచి, ఎండబెట్టి, ఆముదం రుద్దితే పోతుంది. పచ్చది తినే వస్తువులో లోపలికి దిగుతుంది. పైభాగం చెక్కేసి మిగిలింది తిందామనుకోవడం పొరపాటు. బెల్లం, చింతపండు పెంటకుప్ప మీదికి పోయాయి. నల్లది గోడది. దాన్ని పొడిగా ఊడ్చితే గాలిలో లేచి గుండెలో చేరుతుంది కనుక ముందు తడపాలి, ఆ తర్వాత గీకాలి, ఆ గీకిన మట్టిని దూరంగా పూడ్చాలి. గోడ అడుగున తెల్లగా పొంగింది మాత్రం బూజు కానే కాదు, సౌడు. తడి వేలితో రాస్తే కరిగిపోయి నాలుకకు ఉప్పగా తగులుతుంది. బూజైతే కరగదు, వేలికి జిగటగా అంటుకుంటుంది. తలుపులూ కిటికీలూ తెరిచారు. సందుగలు ఎండలో పెట్టారు. వేపాకు పొగ వేశారు. అన్నీ లొంగాయి.

ఇంట్లో ఒక మార్పును కృష్ణమ్మ మొదటి రోజే గమనించింది. నడిమి అర్రలోంచి వెనుక అర్రలోకి ఉండవలసిన ద్వారం లేదు. ఆ చోట రాయీ మట్టీ పెట్టి గోడ లేపి, మీద మెత్తి ఉంది. ఆ గోడ మూలకు గరిసె, జొన్నలు పోసుకునే నిలువెత్తు వెదురు బుట్ట, ఆనించి ఉంది.

"ఎనుక అర్ర వానకు కూలింది. పడ్డకాడ పాములు జేరుతున్నయని మూసేసిన," అన్నాడు లచ్చయ్య. "గా గరిసె జోలికి పోకు. ఎలుకలున్నయి. నేనే పండుకుంట గాడ."

ఆయన ఆ రోజుల్లో అన్ని మాటలూ ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. తల్లి కడచూపు దక్కని మనిషి కదా అని కృష్ణమ్మ రెట్టించలేదు.

చలికాలం గడిచింది. ఇంట్లో అన్ని గోడలూ ఎండాయి, కొత్తగా మూసిన గోడ తప్ప. దాని మధ్యన, కూర్చున్న మనిషి తలెత్తున, ఒక నల్లని మరక నిలిచింది. కృష్ణమ్మ మన ఆడవాళ్లు ఎవరైనా చేసే పనే చేసింది. పేడ, ఎర్రమట్టి కలిపి అలికింది. పేడతో అలికితే ఏ మైలైనా పోతుందన్నది మనకు ఉగ్గుపాలతో వచ్చిన భరోసా; నేల మీద, వాకిట్లో ఎండ తగిలే చోట ఆ భరోసా నిలుస్తుంది కూడా. నాలుగు నాళ్లకు మరక మళ్లీ పైకి తేలింది. మళ్లీ అలికింది. అలికిన కొద్దీ అది వెడల్పైంది. ఫాల్గుణం వచ్చేసరికి చాటంత మరక చాపంతైంది. అంచుల వెంట పచ్చదనం, మధ్యలో బొగ్గు నలుపు.

"అక్కా, నీ గోడకు ఎవరో కడుపు నిండ పెడుతున్నరే," అంది మారెమ్మ. పొద్దున్నే వచ్చి ఆమె కూడా ఓ చెయ్యి వేసేది. "ఇల్లు పాడువడ్డప్పుడు పట్టిన పీడ గది. మనుషులు మసిలితే పోతది."

"నేనొచ్చి మసులుతనే ఉన్న గదనే. ఇంక ఎంతమంది మసలాలె?"

"మీ ఆయన ఉన్నడా లేడా అన్నట్టుంటడు. సగం మనిషి లెక్క. నువ్వొక్కదానివి సాలుతలేవేమొ."

ఆ ఎకసెక్కానికి కృష్ణమ్మ నవ్వింది. నవ్వుతూనే అరచేతిని గోడకు ఆనించి, వెంటనే తీసేసింది. బయట చైత్రపు ఎండకు బండలు కాలుతున్నాయి. గోడ చల్లగా, తడిగా, నిద్రపోతున్న పశువు ముట్టెలాగా ఉంది. వాన పడి ఎన్నో నెలలైంది. కూలిన అర్ర అయితే ఎండ నేరుగా పడి ముందు ఆ గోడే ఎండాలి. ఈ తడి ఎక్కడిది?

ఒక ప్రశ్న సరిగ్గా ఏర్పడినప్పుడు మనిషికి కలిగే మొదటి భావం కుతూహలం కాదు, భయం. కృష్ణమ్మ ఆ ప్రశ్నను ముందుకు సాగనివ్వలేదు, పనిలోకి మళ్లించింది. పేడలో ఉన్నదీ తడే, గడ్డే, అంటే ఇన్నాళ్లూ బూజుకు తానే మేత వేసిందన్న మాట. ఇది తట్టగానే ఆమె తన చేతులవైపు చూసుకుని కాసేపు అట్లాగే కూర్చుంది. అలుకునంతా రాతి దాకా గీకేసి, తడి ఆరాక వేడి సున్నం కొట్టాలని నిశ్చయించుకుంది. లచ్చయ్య మోట కాడికి పోయాడు. మారెమ్మ సున్నం బట్టీ దగ్గరికి గంప పట్టుకుని వెళ్లింది. కృష్ణమ్మ గోడను తడిపి, పాత కొడవలితో గీకడం మొదలుపెట్టింది.

మెత్తిన మట్టి పొరలు పొరలుగా ఊడింది. రెండు రాళ్ల మధ్య సందులోని మట్టిబెడ్డ కదిలి, ఇవతలికి కాకుండా అవతలికి పడింది. ఆ రంధ్రంలోంచి వెచ్చని, ముక్కిన గాలి ఆమె ముఖానికి తగిలింది. ఆ వెంటనే, చెవి దగ్గర మాట్లాడినంత మెల్లగా, ఒక గొంతు వినిపించింది.

"వదినె, జర మెల్లగ గీకు."

కృష్ణమ్మ అరవలేదు. అరవడానికి కావలసిన గాలి ఆమెలో లేదు. చేతిలోని కొడవలి కిందపడకుండా గోడకు గుచ్చుకుని ఉండిపోయింది. ఆ గొంతు ఆమెకు పెళ్లైన నాటి నుంచీ తెలుసు. ఆకలవుతోందని వంటింటి గడపలో కూర్చుని సతాయించిన గొంతు.

"దూప కాదు, గాలికే తండ్లాట," అన్నాడు గాలయ్య, దాహం కంటే ఊపిరికే అల్లాడుతున్నట్టు. "రంధ్రం జర గట్లనే ఉంచు."

వాకిట్లో మారెమ్మ పట్టీల చప్పుడైంది. భర్త పోయాక అందరూ తీసెయ్యమన్నా ఆమె కాళ్ల పట్టీలు తీయలేదు, బీరప్ప చేయించినవని. గోడ అవతల దగ్గు మొదలైంది, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని అణచుకుంటున్న దగ్గు. అప్పుడు కృష్ణమ్మ చెయ్యి ఆమెను అడగకుండానే ఒక పని చేసింది. నీళ్ల బిందెను తన్ని పడదోసి, ఆ మోతలో పక్కనున్న పేడముద్ద తీసి రంధ్రంలో కూరింది.

"ఏమాయెనక్కా?"

"కాలు జారింది."

"మొకం గట్లయిందేంది? సున్నం నీకే కొట్టినట్టు తెల్లగయినవ్."

మారెమ్మ కొంగు దోపుకుని, ఈతకుచ్చె సున్నంలో ముంచి, గోడకు తానే కొట్టడం మొదలుపెట్టింది. పేడముద్ద మీద ఇంకొంచెం ఒత్తి పూసింది. తన మగణ్ని చూపించి చంపించిన మనిషికీ తనకూ మధ్య జానెడు మట్టి ఉందనీ, ఆ మట్టిని తానే గట్టి చేస్తున్నాననీ ఆమెకు తెలియదు. తెలిసిన కృష్ణమ్మ చూస్తూ నిలబడింది. ఆపాలని ఆమె అనుకుంది. ఆపలేదు.

మనం చేసే నిర్ణయాలు మనవేనని నమ్ముతాం. కొన్నిటిని చేతులు ముందుగా చేసేస్తాయి, మనసు తర్వాత వచ్చి కారణాలు వెతుక్కుంటుంది. కృష్ణమ్మను ఆ మధ్యాహ్నం కలవరపెట్టింది గోడలోని మనిషి ఒక్కడే కాదు. అతణ్ని కాపాడిన తన చెయ్యి ఆమెకు అంతకంటే కొత్తగా తోచింది.

మారెమ్మ ఇంటికి పోగానే ఆమె మోట బావికి నడిచింది. లచ్చయ్య ఎడ్లను విప్పుతున్నాడు. భార్య ముఖం చూసి పలుపు వదిలేశాడు.

"గోడల ఉన్నది ఎవరు?" అంది కృష్ణమ్మ.

"ఇన్నవా?"

"వదినె అన్నడు."

లచ్చయ్య ఒడ్డు మీద కూర్చున్నాడు.

"మిలిటరీ వచ్చినంక వానల తడుసుకుంట వచ్చిండు. సంపుదామనే గొడ్డలి వట్టిన. అన్నా అన్నడు. ఆ మాట తోటి చెయ్యి పడిపోయింది."

"బీరప్ప నిన్నేమని పిలిచేటోడు?"

"బావ అని."

"గా మాటకు పడలేదా చెయ్యి?"

"బీరప్ప సచ్చినంక ఏం జేస్తనే? బతికున్నోడు వాకిట్ల నిలబడె."

"నన్నెందుకు ఎడ్డిదాన్ని జేసినవ్? మారెమ్మ తోని గోడ అలికిపిచ్చిన నేను."

"నేను సూస్తనే ఉన్న గదా," అన్నాడు లచ్చయ్య. "అలికినప్పుడల్ల నా పానం పోయేది. వద్దంటే ఎందుకంటవ్."

వానలు పడేలోగా బొంబాయి మిల్లులకు పంపించేస్తానన్నాడు. ఎట్లా పంపుతావని ఆమె అడిగింది. అడవిలోని సంఘపోళ్లు చూస్తే చంపుతారు. క్యాంపు మిలిటరీ చూస్తే పట్టుకుంటారు. ఊరు చూస్తే ఏం చేస్తుందో ఊరికే తెలియదు. పైగా గాలయ్య లేచి నడిచే స్థితిలో లేడు. వెనుక అర్ర కూలలేదు. దాని బయటి వాకిలిని కూడా లచ్చయ్య రాళ్లతో మూసి గడ్డి పేర్చాడు. మిద్దె మీద గాలి వచ్చే గవాక్షి పైన కుండ బోర్లించి మట్టి మెత్తాడు. తిండి, నీళ్లు గరిసె వెనుకనున్న కంత గుండానే పోతాయి. లోపల మనిషి విడిచిన ఊపిరి, ఒంటి చెమట, తాగే కుండ తడి, అన్నీ పోయే దారి లేక గోడలోకే ఇంకుతున్నాయి. గీకినా, అలికినా, సున్నం కొట్టినా ఆ బూజు పోదు. చెమ్మ వచ్చే చోటును మూయాలి, లేదా గాలి వచ్చే చోటును తెరవాలి. చెమ్మ వచ్చే చోటు మనిషి. గాలి వచ్చే చోటు తెరిస్తే ఊరు. సున్నం మీద నల్లదనం మళ్లీ తేలితే మారెమ్మ ఎన్నాళ్లు ఊరుకుంటుంది? వానాకాలం వస్తే అతని ఊపిరితిత్తులు ఎన్నాళ్లు ఊరుకుంటాయి?

మరుసటి రోజు నుంచి రొట్టె కంతలో పెట్టే పని కృష్ణమ్మదైంది. ఆమె అతనితో మాట్లాడలేదు. అతనే ఒకసారి అడిగాడు.

"అమ్మ పోంగ నువ్వే ఉన్నవట గద, వదినె. నన్ను యాది జేసిందా?"

అబద్ధం చెప్పడం తేలిక. "చేసింది," అంది కృష్ణమ్మ. అది నిజమే. "చిన్నోడు తిన్నడా అని అడిగింది. తిన్నడని చెప్పిన."

అప్పుడు ఆమె అన్నాళ్లుగా నోటి చివర ఆపుకున్నది అడిగింది.

"గడ్డివాము ఎందుకు సూపిచ్చినవ్?"

"ఎవరో ఒకర్ని సూపియ్యమన్నరు. లేకుంటే అన్నను ఎక్కిస్తమన్నరు లారీల." దగ్గు తెర తగ్గాక మళ్లీ అన్నాడు. "అన్నకు చెప్పలె. చెప్పకు."

కృష్ణమ్మ గరిసెకు ఆనుకుని నేల మీద కూర్చుంది. తన మెడలోని పుస్తె, మారెమ్మ నొసటి బోసిదనం ఒకే చేతి సైగతో నిర్ణయమయ్యాయన్న మాట. ఆ సంగతి నిజమో, బతకడానికి అతను అల్లుకున్నదో చెప్పగల సాక్షి ఎవరూ లేరు. నిజమైతే ఆ నేరంలోని లాభం తన ఇంట్లో, తన భర్త రూపంలో ఉంది. రోజూ అన్నం తింటోంది, ఎడ్లను కడుతోంది. అబద్ధమైతే గోడలోని మనిషి తాను అనుకున్నదానికంటే నీచుడు. రెండిటిలో ఏది తేలాలని తాను కోరుకుంటోందో ఆమెకే తెలియలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె ఏమీ చేయలేదు. ఆమెను గొప్ప మనిషిగా చెప్పదలిచినవారు ఈ కొన్నాళ్లను మింగేయకూడదు. రోజూ మారెమ్మ వచ్చింది. రోజూ ఇద్దరూ కలిసి జొన్నలు విసిరారు. ఆ పిండిలోంచే ఒక రొట్టె గోడలోకి పోయింది. ఒకనాడు మారెమ్మ ఆగి గోడ దగ్గరికి వెళ్లింది. సున్నం మీద పొగచూరినట్టు సన్నని నల్లదనం.

"మల్ల వచ్చిందక్కా," అంది. గోళ్లతో రాసి వాసన చూసింది. "మా ఇంట్ల నేను ఒక్కదాన్ని మసులుత. మా గోడలు ఎండి పెళ్లలూడుతున్నయి. మీ ఇంట్ల ఇద్దరు మసిలినా గింత చెమ్మ. నీ ఇంట్ల ఉసురెక్కువున్నదే."

ఆమె వేళాకోళంగానే అన్నది. కృష్ణమ్మ మాత్రం విసురురాయి తిప్పడం ఆపేసింది.

మరునాడు పొద్దెక్కాక ఆమె మారెమ్మ ఇంటికి పోయి, గడప ఇవతలే నిలబడి, అంతా చెప్పింది. ఎవరున్నారో, ఎప్పటి నుంచో చెప్పింది. గాలయ్య చెప్పిన కారణం కూడా దాచలేదు. అది నిజమో కాదో తనకు తెలియదని చెప్పింది. మారెమ్మ కూరాకు తుంచుతోంది. విన్నంతసేపూ తుంచుతూనే ఉంది. కాడలూ ఆకులూ కలిసిపోయాయి.

"నేను సున్నం కొట్టిన నాడు నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎందుకు ఆపలె?"

"చెయ్యి ఆడలె, చెల్లె."

మారెమ్మ తన చేతులు తిప్పి చూసుకుంది. సున్నానికి పగిలిన వేళ్ల సందులు ఇంకా మానలేదు.

"ఊరందరిని పిలువమంటవా నన్ను? ఊరుకోమంటవా?"

"ఏది అననీకె రాలె. రేపు ఎండ పొడిచినంక గోడ పగలగొడుత. ఠాణాకు తీస్కపోత. ముందుగాల నీకు చెప్పాలె అని వచ్చిన."

"గా పుస్తె నా మొగని పానం ఇచ్చి కొన్నదన్నట్టు," అంది మారెమ్మ. గొంతులో కోపం లేదు, అదే భయంకరంగా ఉంది. "పో అక్కా. పోయి నీ పని నువ్వు జేస్కో."

ఇంటికి వచ్చి కృష్ణమ్మ భర్తకు తన నిశ్చయం చెప్పింది. అతను బతిమాలాడు, తిట్టాడు, చివరికి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. తమ్ముణ్ని అమ్ముకుంటున్నావన్నాడు. గాలయ్య చెప్పిన కారణం, లారీలోకి ఎక్కవలసిన పేరు లచ్చయ్యదేనన్నది, అప్పుడు ఆమె చెప్పింది. గాలయ్య వద్దన్నాడని తెలిసే చెప్పింది. లచ్చయ్య అడ్డం తొలగలేదు; నిలబడిన చోటనే జారి కూర్చున్నాడు. అతని భుజాల మీదుగా చూస్తే దారి ఉంది.

మరుసటి ఉదయం తలుపులన్నీ బార్లా తెరిచి, కృష్ణమ్మ గడ్డపార పట్టింది. ముందు ముక్కుకు గుడ్డ కట్టుకుంది, గోడను తడిపింది. అలవాటైన పని వరసను ఆ రోజు కూడా ఆమె తప్పలేదు. మూడో దెబ్బకు రాళ్లు దొర్లాయి. చప్పుడుకు వాడ వాళ్లు చేరారు. లోపలి నుంచి గాలయ్య చేతుల మీద పాకుతూ వచ్చాడు. వెలుతురు పడగానే కళ్లు రెండు చేతులతో మూసుకున్నాడు. ఒళ్లు జొన్న దంటులో పురుగులా పాలిపోయింది. కప్పుకున్న గొంగడి అంచులకు, కాళ్ల సందులకు, గడ్డానికి కూడా అదే నల్లని, పచ్చని బూజు. వెనుక అర్ర నాలుగు గోడలూ నేల నుంచి మిద్దె దాకా నల్లగా, మెత్తగా ఉన్నాయి. ఎక్కడ చెయ్యి ఆనిందో అక్కడ వేళ్ల ముద్రలున్నాయి. కొట్టడానికని కట్టెతో వచ్చినవాడు కట్టెను నేలకు ఆనించుకుని నిలబడిపోయాడు.

మారెమ్మ వచ్చింది. గుంపు దారి ఇచ్చింది. ఆమె వంగి గాలయ్య ముఖంలోకి చూసింది.

"గడ్డివాము ఎవరు సూపిచ్చిన్రు?"

"నేనే," అన్నాడు గాలయ్య. కారణం చెప్పలేదు.

మారెమ్మ నడుమెత్తి నిలబడింది. తన ఇంటికి పోయి తలుపు వేసుకుంది.

కృష్ణమ్మ మరిదికి నీళ్లు తాగించి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఎద్దుల బండిలో కూర్చోబెట్టింది. దొంగదారిన కాకుండా నడిబజారు మీదుగా, మిట్టమధ్యాహ్నం, తిరుమలగిరి ఠాణాకు తోలించింది. బండి వెంట ఒక పక్క ఆమె, ఒక పక్క లచ్చయ్య నడిచారు. రాళ్లు పడితే ముందు తమకు తగలాలని ఆమె పెట్టిన షరతు అది. రాళ్లు పడలేదు. ఇతణ్ని ఎవరు దాచారని ఠాణాలో అడిగినప్పుడు, నా ఇంట్లో నా మొగడు దాచాడు, కొన్నాళ్లు నేనూ దాచాను అని చెప్పింది. గాలయ్యను దవాఖానకు, అక్కడి నుంచి జైలుకు పంపారు. రెండో వానాకాలం రాకముందే అతను అక్కడ చనిపోయాడు. లచ్చయ్యను కొంతకాలం ఉంచి వదిలారు. ఆమెను ఆ పూటే పంపించేశారు.

మారెమ్మ మళ్లీ కృష్ణమ్మ గడప తొక్కలేదు. కృష్ణమ్మ క్షమించమని అడగడానికి పోలేదు. చెప్పకుండా ఉంటే స్నేహం నిలిచేదని ఆమెకు తెలుసు, చెప్పింది. చెప్పకపోతే భర్త తన ప్రాణాన్ని తేలికగా మోసేవాడని తెలుసు. అయినా బీరప్ప చావు బరువును అతని మీద పెట్టింది. మరిది గోడలో చావకుండా, ఊరి చేతిలో చావకుండా, పట్టపగలు ఠాణాకు చేర్చింది. ఆమె ఎంచుకున్నది ఇంతే.